ఇంటి అనుమతి పత్రం ఇంటివాడికి అర్థం కావాలి

సంపాదకులకు,

నమస్కారములు.

అక్రమ కట్టడాల కూల్చివేత వార్తలు మీ జిల్లా పేజీల్లో దాదాపు వారం వారం చూస్తున్నాను. జేసీబీ ముందు నిలబడి ‘మాకు పర్మిషన్ ఉంది సార్’ అంటూ కాగితం చూపిస్తున్న మనిషి, పక్కనే ‘ప్లానుకు విరుద్ధంగా కట్టారు’ అన్న మున్సిపల్ అధికారి వివరణ, ఈ రెండూ ఒకే వార్తలో కనబడతాయి. చాలాసార్లు ఇద్దరూ చెప్పేది నిజమే అయి ఉంటుంది. ఆ కాగితంలో ఏముందో దాన్ని చేత పట్టుకున్న మనిషికి తెలియకపోవడమే అసలు చిక్కు అని సొంత అనుభవంతో తెలుసుకున్నవాణ్ని కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను. ముప్పయ్యేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఇంజనీరును కాను, వకీలును అంతకన్నా కాను.

ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో మాకు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలం, అంటే సరిగ్గా 200 గజాలు, ఉంది. అందులోని పాత పెంకుటిల్లు తీసేసి, 2021లో కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు కట్టుకోవాలనుకున్నాము. మా కాలనీలో ప్లాన్లు గీసే ఒకాయన దస్తావేజులూ ఫొటోలూ తీసుకుని, నా ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి, సాయంత్రానికల్లా అనుమతి పత్రాన్ని వాట్సాప్‌లో పంపించాడు. మా నాన్నగారు 1970లలో ఒక గది వేసుకోవడానికి మున్సిపాలిటీ చుట్టూ నెలల తరబడి తిరిగిన సంగతి తెలిసినవాణ్ని గనుక, ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. పత్రం ఇంగ్లీషులో ఉంది. చివరి పేజీల్లో చిన్న అక్షరాల షరతులు ఉన్నాయి. వాటిని చదవలేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడటం లేదు.

పునాదులు లేచి గ్రౌండ్ ఫ్లోర్ స్లాబు పడ్డాక మా మేస్త్రీ ఒక సలహా ఇచ్చాడు. ప్లానులో మెట్లు ఇంటి లోపలి నుంచి చూపించారని, వాటిని బయట ప్రహరీ పక్కన వేసుకుంటే లోపల ఒక గది మిగులుతుందని, పై వాటా అద్దెకు ఇచ్చుకోవడానికి కూడా వీలుగా ఉంటుందని చెప్పాడు. ‘అందరూ అట్లనే పెట్టుకుంటున్నరు సార్’ అన్నాడు. మేమూ అలాగే పెట్టుకున్నాము. మూడు నెలలకు పక్కింటివారు ఫిర్యాదు చేశారు, నోటీసు వచ్చింది, చివరికి కట్టిన మెట్లు పగలగొట్టించి, లోపల మళ్లీ వేయించుకున్నాము. ఖర్చు సంగతి పక్కన పెడితే, నోటీసు చేతిలో పెట్టుకుని మొదటిసారి ఆ షరతుల పేజీలను నిఘంటువు సాయంతో చదివినప్పుడు, అందులో ‘నేను’ అంటూ మొదలయ్యే వాక్యాలన్నీ నేను చెప్పినట్టుగా ఉన్నవేనని, వాటి కింద ఉన్నది నా సంతకమేనని తెలిసి నివ్వెరపోయాను.

ఇక్కడే మన ప్రజలకు అర్థం కాని, ఎవరూ అర్థమయ్యేలా చెప్పని, ఒక పెద్ద మార్పు ఉంది. ఒకప్పుడు ‘ప్లాను పాసయింది’ అంటే చైన్‌మన్ వచ్చి టేపు పెట్టి కొలిచాడని, టౌన్ ప్లానింగ్ వాళ్లు ఫైలు చూశారని, ఎవరో ఒక అధికారి తన బాధ్యత మీద సంతకం పెట్టాడని అర్థం. ఆ పద్ధతిలో ఎంత జాప్యం ఉండేదో, ఎవరెవరి చేతులు తడపవలసి వచ్చేదో అందరికీ తెలుసు కాబట్టి దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. తెలంగాణలో 2020లో చేసిన భవన నిర్మాణ అనుమతుల చట్టం, అదే సంవత్సరం నవంబరు 16న మొదలైన టీఎస్-బీపాస్ విధానం, ఈ లెక్కను తిరగేశాయి. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని నివాస గృహానికి, అంటే మన వాడుకలో జీ ప్లస్ టూ (కింద ఒక అంతస్తు, పైన రెండు) వరకు, దరఖాస్తుదారు తానే రాసిచ్చిన వివరాల మీద నమ్మకం ఉంచి వెంటనే అనుమతి ఇస్తారు. ఆ తరువాత 21 రోజుల్లోగా వచ్చి సరిచూసుకుంటారు. తప్పు తేలితే అనుమతి రద్దు చేస్తారు. అంతకంటే పెద్ద కట్టడాలకు ఒకే కిటికీ ద్వారా 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. పేరు మధ్యలో టీజీ-బీపాస్ అయింది, ఇటీవల బిల్డ్‌నౌ అనే కొత్త వేదిక వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లోనూ స్వీయ ధ్రువీకరణ బాటలోనే నడుస్తున్నారు. పేర్లు ఏవైనా మూలసూత్రం ఒక్కటే: చిన్న ఇళ్ల విషయంలో అనుమతికి ఆధారం అధికారి పరిశీలన కాదు, యజమాని ఇచ్చిన హామీ.

మరి ఆ హామీలో ఏముంటుంది? ఈ స్థలం నాదేనని, దీనిపై తగాదాలు లేవని, ఇది ప్రభుత్వ భూమి కాదని, నిషేధిత జాబితాలో లేదని, చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) గానీ నాలా మీద గానీ లేదని, మాస్టర్ ప్లానులో దీన్ని నివాసానికే కేటాయించారని, ప్లానులో చూపినట్టే కడతానని, అలా కట్టకపోతే అనుమతి రద్దుకూ జరిమానాకూ కూల్చివేతకూ ఒప్పుకుంటున్నానని మనం రాసిస్తాము. వీటిలో సగానికి జవాబు ఒక సామాన్యుడికి ఎలా తెలుస్తుంది? తన స్థలం చెరువు పూర్తి నీటిమట్టానికి ఎంత దూరంలో ఉందో కొలవగలిగినవాడు మా కాలనీలో ఒక్కడూ లేడు. 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం గల చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలని భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. ఆ గీత మాత్రం నేల మీద ఎక్కడా గీసి ఉండదు. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పాటయ్యాక హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల దగ్గర ఇళ్లు కొనుక్కున్నవారు ‘మాకు అనుమతి ఇచ్చిందీ మీరే, కూలుస్తున్నదీ మీరే’ అని వాపోయినప్పుడు, అందులో ఎవరిది మోసమో ఎవరిది అమాయకత్వమో నేను తీర్పు చెప్పలేను. కానీ అనుమతి వచ్చినంత మాత్రాన ఆ నేల నిజంగా కట్టుకోదగినదని ఎవరో సరిచూశారని అనుకోవడం పొరపాటేనని మాత్రం ఇప్పుడు తెలుసు. అనుమతి పత్రం స్థలం మీద హక్కును ఇవ్వదు. ఈ మాట దాదాపు ప్రతి అనుమతి పత్రంలోనూ ఉంటుంది, ఇంగ్లీషులో.

కొలతల దగ్గరికి వస్తే, లెక్కల మాస్టారిగా నాకు మరింత బాధ కలుగుతుంది. మనం స్థలాన్ని గజాల్లో కొంటాము, ఇంటిని అడుగుల్లో కడతాము. నియమాలు మీటర్లలో ఉంటాయి. (ఆంధ్ర ప్రాంతపు బంధువులు సెంట్లలో చెబుతారు, నెల్లూరు వాళ్లయితే 72 చదరపు అడుగుల అంకణాల్లో చెబుతారు, ఆ ముచ్చట వేరు.) 75 గజాలంటే సుమారు 63 చదరపు మీటర్లు, 500 చదరపు మీటర్లంటే 600 గజాలకు రెండు గజాలు తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం, మా 200 గజాల స్థలం 100 నుంచి 200 చదరపు మీటర్ల తరగతిలోకి వస్తుంది. మా వీధి లాంటి చోట ముందువైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. దీన్నే సెట్‌బ్యాక్ అంటున్నాము. మీటరు అంటే 3 అడుగుల 3 అంగుళాలు. ముప్పై అడుగుల వెడల్పులో అటూ ఇటూ పోగా 23 అడుగుల 5 అంగుళాలు, అరవై అడుగుల పొడవులో ముందూ వెనకా పోగా దాదాపు 51 అడుగుల 9 అంగుళాలు మిగులుతాయి. గుణిస్తే ఒక అంతస్తుకు రమారమి 1,210 చదరపు అడుగులు. మొత్తం 1,800లో ఇది మూడింట రెండు వంతులు. స్థలం కొనేటప్పుడు ఈ చిన్న గుణకారం ఎవరూ చేయరు. నేనే చేయలేదు, ఇక ఇతరుల సంగతి చెప్పేదేముంది?

మాకు ముందు ముప్పై అడుగుల రోడ్డు ఉంది కాబట్టి అంతటితో సరిపోయింది. మా వెనక వీధి ఇరవై అడుగులే. పాత వీధుల్లోనైనా ఇంటి ముందు రోడ్డు 9 మీటర్లు ఉండాలన్నది సాధారణ నియమం కనుక, ఆ వీధివారు కొత్తగా కట్టుకునేటప్పుడు తమ వంతుగా దాదాపు 4 అడుగుల 9 అంగుళాల స్థలాన్ని ముందు రోడ్డుకు వదిలి, ఆ వదిలిన గీత నుంచి మళ్లీ సెట్‌బ్యాక్ కొలుచుకోవాలి. అంటే అదే 200 గజాల స్థలంలో వాళ్లకు ఒక అంతస్తుకు 1,100 చదరపు అడుగులే దక్కుతాయి. ఈ సంగతి తెలిస్తే ఆ వీధిలో గజం ధర మా వీధితో సమానంగా పలుకుతుందా?

ఇక నా మెట్ల కథ. ప్రహరీకి, గోడకు మధ్య ఉన్న 3 అడుగుల 3 అంగుళాలనూ మా మెట్లు పూర్తిగా మింగేశాయి. ముందువైపు తప్ప మిగిలిన వైపుల సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు తేడా ఉంటే రుసుము కట్టించుకుని సర్దుబాటు చేసే వెసులుబాటు నియమాల్లో ఉంది. దాన్నే మేస్త్రీలు, మధ్యవర్తులు ‘పది శాతం డీవియేషన్ నడుస్తది’ అని చెబుతుంటారు. ఎందులో పది శాతం? మొత్తం ఇంటిలో కాదు, వదలవలసిన ఖాళీలో. మీటరులో పది శాతమంటే పది సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు. నాలుగు అంగుళాల్లో మెట్లు కాదు గదా, మేస్త్రీ తాపీ కూడా అడ్డంగా పట్టదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. పక్కింటివారి మీద మొదట నాకు చాలా కోపం వచ్చింది. తరువాత ఒక మధ్యాహ్నం వాళ్ల వంటగదిలో నిలబడి చూశాను. మా మెట్లు వాళ్ల కిటికీకి ఎదురుగా గోడలా లేచి, పట్టపగలే లైటు వేసుకోవలసి వస్తోంది. వెలుతురు, గాలి, నిప్పంటుకుంటే మనిషి పరుగెత్తడానికి దారి, వీటి కోసమే ఆ మీటరు వదలమన్నారు. అది నా స్థలమే అయినా దాని వల్ల కలిగే ప్రయోజనంలో పక్కవాడికీ వాటా ఉంది. ఇంతటి మంచి కారణం ఉన్న నియమాన్ని కారణం చెప్పకుండా, తెలియని భాషలో, చిన్న అక్షరాల్లో పెట్టి ఇస్తే ఎవరు గౌరవిస్తారు?

ఉన్న ఇంట్లో చేసుకునే మార్పుల విషయంలో అజ్ఞానం ఇంకా ఎక్కువ. ‘ఇల్లు నాది, లోపల ఏం చేసుకుంటే ఎవరికేం?’ అనే మాట రోజూ వింటాము. సున్నాలు, రంగులు వేసుకోవడం, గచ్చు మార్చుకోవడం, పాడైన తలుపులు కిటికీలు తీసి కొత్తవి పెట్టుకోవడం, పూత రాలిన గోడకు మళ్లీ ప్లాస్టరింగ్ చేయించడం వంటి మరమ్మతులకు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. కానీ పైన ఇంకొక అంతస్తు వేయడం, డాబా మీద పెంట్‌హౌస్ పేరుతో గదులు కట్టడం, వాహనాల కోసం వదిలిన స్టిల్ట్‌ను గోడలతో మూసి వాటా చేయడం, బాల్కనీని ముందుకు పెంచి గది చేయడం, పక్కపక్క స్థలాలను కలపడం లేదా ఒక దాన్ని రెండుగా విడగొట్టడం, వీటన్నిటికీ ముందుగా అనుమతి కావాలి. అన్నిటికంటే ఎక్కువ మంది పట్టించుకోనిది వినియోగ మార్పు. ముందు గదికి షట్టరు బిగించి కిరాణా కొట్టుకో, ట్యూషన్ సెంటరుకో, క్లినిక్కుకో అద్దెకిచ్చే మా బజారులోని ఇళ్లలో ఎక్కువ భాగం నివాసం కోసమే అనుమతి పొందినవి. ఒక్క ఇటుక కదపకపోయినా, నివాసాన్ని వ్యాపారానికి మార్చడం కూడా అనుమతి కావలసిన మార్పే. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు అక్రమ కట్టడాలపై ఇచ్చిన ముఖ్యమైన తీర్పు పుట్టింది ఇలాంటి వివాదం నుంచే. మీరట్‌లో నివాసానికి కేటాయించిన స్థలంలో దుకాణాలు కట్టారు, ఏళ్లు గడిచాయి కదా, డబ్బు పెట్టాము కదా అన్న వాదనలను కోర్టు ఒప్పుకోలేదు.

ఆ తీర్పులోని ఆదేశాలు ప్రతి ఇంటివాడూ తెలుసుకోదగినవి. పని జరుగుతున్నన్ని రోజులూ ఆమోదం పొందిన ప్లానును కట్టడం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి. పూర్తయినట్టు, నివాసయోగ్యమని ధ్రువీకరించే పత్రం చూశాకే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఆ పత్రాన్ని సరిచూసుకున్నాకే ఆ భవనం మీద అప్పు ఇవ్వాలి. నివాసయోగ్యతా ధ్రువపత్రాన్నే మన వాడుకలో ఓసీ అంటారు. మా కాలనీలో పది మందిని అడిగితే ఎనిమిది మందికి దాని పేరే తెలియదు. ‘ఇంటి నంబరు వచ్చింది, ఇంటిపన్ను కడుతున్నాము, కరెంటు మీటరు ఉంది, బ్యాంకు లోను కూడా ఇచ్చింది, ఇంకేం కావాలి?’ అని ఎదురు ప్రశ్న వేస్తారు. పన్ను వసూలు చేసినంత మాత్రాన మున్సిపాలిటీ ఆ కట్టడాన్ని సక్రమమని ఒప్పుకున్నట్టు కాదు. అనుమతి లేని కట్టడాలకు పన్నుతో పాటు జరిమానా కూడా వేసి వసూలు చేసే నిబంధన ఉంది, పన్ను రసీదులో ఆ గీతను ఎవరూ గమనించరు. 200 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లో కట్టేవారు అనుమతి సమయంలోనే కట్టడంలో పదో వంతును మున్సిపాలిటీకి తనఖా పెట్టవలసి ఉంటుంది, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. ఓసీ తీసుకోకుండా ఫ్లాట్లు అమ్మేసి వెళ్లిపోయిన బిల్డర్ల చేతిలో, తనఖాలో ఉన్న ఫ్లాటునే కొనుక్కున్నవారు ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఉన్నారు.

చిన్న స్థలాలవారి విషయంలో మరో అపోహ ప్రచారంలో ఉంది. 75 గజాల లోపు అయితే ఏమీ అక్కర్లేదని, ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చని కొందరు నమ్ముతున్నారు. నిజానికి 75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు మించకుండా, కిందా పైనా ఒక్కో అంతస్తు కట్టుకునేవారికి అనుమతి అక్కర్లేదు గానీ, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకోవడం తప్పనిసరి. ఆ రూపాయి రసీదు లేకపోతే అదీ అక్రమ కట్టడమే. పేదవాడికి చట్టం ఇచ్చిన ఇంత మేలైన వెసులుబాటు కూడా వాడవాడలా తెలియకపోవడం వల్ల వృథా అవుతోంది. మరోవైపు 150 గజాల స్థలాన్ని కాగితం మీద రెండు ముక్కలు చేసి, రెండు రూపాయలతో పని కానిచ్చుకుందామనే తెలివితేటలూ చూశాను.

‘కట్టేద్దాం, ఎప్పుడో ఒకసారి క్రమబద్ధీకరణ పథకం వస్తుంది’ అనే ధీమా ప్రభుత్వాలు స్వయంగా నేర్పిన పాఠం. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర వచ్చిన భవనాల పథకం, తెలంగాణలో 2015 అక్టోబరు 28ని గడువుగా పెట్టి తెచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం బీఆర్ఎస్ (ఈ మూడక్షరాలకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు), లేఅవుట్ల కోసం 2015లో, మళ్లీ 2020లో తెచ్చిన క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2015 నాటి భవనాల పథకం హైకోర్టులో చిక్కుకుని ఏళ్లపాటు కదలలేదు. 2020 ఎల్ఆర్ఎస్‌కు వెయ్యేసి రూపాయలు కట్టి దాదాపు 25 లక్షల మంది దరఖాస్తు చేసుకుంటే, 2025లో పాతిక శాతం రాయితీ ప్రకటించే దాకా వారిలో ఎక్కువ మంది ఎదురుచూస్తూనే ఉండిపోయారు. క్రమబద్ధీకరణ మీద ఆశ పెట్టుకుని గోడ లేపినవాడు చివరికి కట్టేది రుసుము కాదు, ఏళ్ల తరబడి బెంగ. ఆ ఏళ్లలో ఇల్లు అమ్ముకోవాలన్నా, పిల్లల చదువుకు తాకట్టు పెట్టుకోవాలన్నా వీలుకాదు.

అనుమతికి మించి లేపిన అంతస్తుల వల్ల పోయేది డబ్బొక్కటే కాదు. 2016 డిసెంబరులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తుల కట్టడం కూలి 11 మంది ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవాళ్లు ఇంటివారు కాదు, పొట్టకూటికి వచ్చి అక్కడే తలదాచుకున్న కూలీలు, వాళ్ల కుటుంబాలు. 2025 మార్చిలో భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న ఆరంతస్తుల భవనం ఒక్కసారిగా కుప్పకూలింది. పాత పునాది ఎంత బరువు మోయగలదో మేస్త్రీ చూపుతో తేలదు, స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కతో తేలుతుంది. అనుమతి దరఖాస్తులో ఆ ఇంజనీరు సంతకం అడిగేది అందుకే. అది కూడా ఎక్కడో కూర్చున్న ఎవరిదో లైసెన్సు నంబరు వేసి పెట్టే లాంఛనంగా మారిపోవడం ఈ విధానంలో నాకు కనబడిన అతి ప్రమాదకరమైన లోపం.

అధికారులకు కూడా ఒక మాట. తప్పుడు సమాచారం ఇచ్చినా, ప్లాను దాటి కట్టినా నోటీసు లేకుండానే కూలుస్తామని మన అనుమతి పత్రాల్లో రాసి ఉంటోంది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలపై ఇచ్చిన తీర్పులో, ముందుగా షోకాజ్ నోటీసు ఇచ్చి జవాబుకు కనీసం 15 రోజుల వ్యవధి ఉంచాలని, కూల్చివేత ఉత్తర్వు వచ్చాక కూడా అప్పీలుకో తానే తొలగించుకోవడానికో మరో 15 రోజులు ఇవ్వాలని చెప్పింది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జలవనరుల వంటి ప్రజాస్థలాల్లోని కట్టడాలకు, కోర్టే ఆదేశించిన కూల్చివేతలకు ఈ రక్షణ వర్తించదు. అయినా పత్రంలోని పాత బెదిరింపు అలాగే ఉంటే, చదివినవాడు అదే చట్టమనుకుని, వచ్చినవాడితో బేరానికి దిగుతాడు. నా విషయంలో నోటీసు పద్ధతి ప్రకారమే వచ్చింది, గడువూ ఇచ్చారు. ఆ మేరకు నాకు ఫిర్యాదు లేదు. కానీ నోటీసుకు ముందు, అనుమతి ఇచ్చిన తరువాతి 21 రోజుల్లో సరిచూడటానికి మా ఇంటికి ఎవరూ వచ్చిన జాడ లేదు. అప్పుడే ఒకరు వచ్చి, మీ మెట్లు లోపలే ఉండాలి సుమా, ఈ మూడడుగులు ఖాళీగా వదలాలి సుమా అని చాక్‌పీసుతో నేల మీద గీత గీసి వెళ్లి ఉంటే, మేస్త్రీ సలహా అక్కడే ఆగిపోయేది.

నేను కోరేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. యజమాని సంతకం చేసే హామీ పత్రం, అనుమతి ఉత్తర్వు, నోటీసు, ఈ మూడింటినీ తెలుగులో ఇవ్వాలి. రాష్ట్రంలో రెండవ అధికార భాష అయిన ఉర్దూలో కావాలన్నవారికి ఉర్దూలో ఇవ్వాలి. అధికార భాషా చట్టం 1966 నుంచి ఉంది, దానికి కొత్త జీవో అవసరం లేదు. మీటర్ల పక్కనే అడుగులు, గజాలు వేయాలి. దరఖాస్తుదారు ఫోనుకు ఓటీపీ పంపేటప్పుడు, అది దేనికి ఒప్పుకోలో రెండు తెలుగు వాక్యాల్లో దానితో పాటే పంపాలి, ఎందుకంటే ప్లాను గీసే ఆయనకు ఆ ఆరు అంకెలు చెప్పేయడమే ఇప్పుడు మనం చేస్తున్న సంతకం. కట్టడం ముందు పెట్టవలసిన బోర్డు మీద ‘ముందు ఇంత, పక్కల ఇంత ఖాళీ వదలాలి; ఇన్ని అంతస్తులకే అనుమతి’ అని పెద్ద అక్షరాల్లో ఉంటే, మేస్త్రీ దగ్గర నుంచి పక్కింటివారి దాకా అందరూ చదువుకుంటారు; ఫిర్యాదు స్లాబు పడ్డాక కాకుండా పునాది దగ్గరే వస్తుంది. ఇవన్నీ కంప్యూటరులో ఒకసారి మార్చితే చాలు, ప్రతి అనుమతితోనూ వాటంతటవే వస్తాయి.

ప్రభుత్వం ఆ పని చేసేలోగా మీ పత్రిక ఒక పని చేయవచ్చునని నా మనవి. నా అనుమతి పత్రంతో వచ్చిన హామీలను, షరతులను నాకు చేతనైన తెలుగులో రాసి, నా పేరు, ఇంటి నంబరు కొట్టివేసి, ఈ లేఖతో జతపరుస్తున్నాను. మొత్తం నాలుగు పేజీలు. ఒక ఆదివారం వాటిని ప్రచురించగలిగితే ఇల్లు మొదలుపెట్టబోయేవారు కత్తిరించి దాచుకుంటారు. ‘డీమ్డ్ అప్రూవల్’ అన్న మాటను ‘గడువు దాటినందున వచ్చినట్టే భావించే అనుమతి’ అని రాశాను, అది మరీ పొడవైంది. ‘కాంపౌండింగ్’కు ‘రుసుముతో సర్దుబాటు’ అన్నాను. వాటికి ఇంతకంటే మంచి మాటలు మీ సంపాదకవర్గానికి తోస్తే, ముద్రించే ముందు దిద్దగలరు.

ఇట్లు
మీ పాఠకుడు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు